ప్రతిభ ఊళ్లో, సీటు నగరంలో

పాత ప్రకాశం జిల్లా పడమటి వైపున్న హనుమంతునిపాడు మండలంలో ఇంటర్ పాసైన ఆడపిల్ల నాట్యాన్ని డిగ్రీగా చదవాలనుకుంటే ముందు కనిగిరి బస్సెక్కాలి. కనిగిరిలో ఆ చదువు లేదు. పొదిలి మీదుగా ఒంగోలు, అక్కడి నుంచి విజయవాడ, ఆపైన పామర్రు దాటి కూచిపూడి పోవాలి. లేదంటే తిరుపతి, అదీ కాకపోతే హైదరాబాద్. అదే ఊరి అబ్బాయి యానిమేషనో, గ్రాఫిక్ డిజైనో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదవాలంటే వెలిగొండలు దాటి కడప చేరాలి. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం నియోజకవర్గాలు నాలుగింటినీ గాలించినా నృత్యానికిగానీ డిజిటల్ మీడియా డిజైన్‌కుగానీ ప్రభుత్వ డిగ్రీ సీటు ఒక్కటి దొరకదు. ఇది పొరపాటున జరిగింది కాదు. దశాబ్దాలుగా అధికారంలో ఉన్న ప్రతి ప్రభుత్వమూ, ఉన్నత విద్యను నడిపిన ప్రతి మండలీ తెలిసి చేసిన నిర్లక్ష్యం. పార్టీ ఏదైనా ఈ అభియోగం నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

అక్కడ ఈ చదువులకు డిమాండ్ లేదని సచివాలయంలో తేలిగ్గా అనేస్తారు. అడిగేవాళ్లు లేరన్నది శుద్ధ అబద్ధం. అడిగే చోటు లేదన్నదే నిజం.

శ్రీరామనవమి దగ్గర పడితే ఈ పల్లెల్లో రామాలయాల ముందు సాయంత్రాలు ఎలా ఉంటాయో చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. పొలం పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు కోలాటం గురువు చుట్టూ చేరతారు. గురువు నోటితోనే దరువు చెబుతాడు. ఒక్క పాదం తప్పితే వరస మొత్తం ఆగుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. జడ కోలాటం వేసేటప్పుడు పైనుంచి వేలాడే తాళ్లు ఒక క్రమంలో అల్లుకోవాలి, అదే క్రమంలో తిరిగి విడిపోవాలి. ఏ అడుగుకు ఎవరు లోపలికి రావాలి, ఎవరు బయటికి పోవాలి అన్న లెక్కంతా గురువు తలలోనే ఉంటుంది. కాగితం మీద పెడితే అది ఏ విశ్వవిద్యాలయంలోనైనా నృత్యరచనకు పాఠమే. ఈ బృందాలు ఒకే రంగు చీరలు కట్టుకుని తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల ముందు ఆడి వస్తున్నాయి. చెక్కభజన, డప్పు నృత్యం ఈ నేలలో ఇంకా బతికే ఉన్నాయి. కానీ ఆ గురువుకు ఏ సర్టిఫికెట్టూ లేదు. ఆయన శిష్యురాలికి ఏ కళాశాలలోనూ ఆ నేర్పు మీద సీటు రాదు. పదేళ్లు ఆడిన పిల్ల కూడా డిగ్రీ వెబ్ ఆప్షన్ల దగ్గరికి వచ్చేసరికి బీకాం కంప్యూటర్ అప్లికేషన్సో, బీఎస్సీ కంప్యూటర్ సైన్సో ఎంచుకోవాల్సిందే.

డిజైన్ సంగతి ఇంకా కళ్లెదుటే ఉంది. కనిగిరిలోనో మార్కాపురంలోనో ఏ ఫ్లెక్సీ షాపులోకైనా వెళ్లి కంప్యూటర్ ముందున్న కుర్రాడి పని చూడండి. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, పెళ్లి ఆల్బం, దినకర్మ కార్డు, అన్నీ ఒక్క చేతి మీదే నడుస్తాయి. ఫోన్లో వాట్సాప్ చేసిన మసకబారిన ఫొటోలోంచి మనిషిని కత్తిరించి, వెనక రంగు మార్చి, పేరు పెట్టి, తెల్లారేసరికి ప్రింటుకు పంపుతాడు. తెలుగు అక్షరాలకు ఇప్పటికీ అను ఫాంట్లే వాడతాడు. ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి తేబోతే వత్తులు చెదిరిపోతాయి, గుణింతం ముక్కలవుతుంది. ఎక్కడ చెదురుతుందో, దాన్ని చేత్తో ఎలా సరిదిద్దాలో అతనికి తెలుసు. ఎందుకు చెదురుతుందో ఎవరూ చెప్పలేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి, దూరం నుంచి చూసేవాడికి ఏ రంగు మీద ఏ రంగు కనపడుతుంది వంటివి కంటితో నేర్చుకున్నాడు. ఇది డిజైన్ విద్యలో సగం. మిగతా సగం నేర్పాల్సిన కళాశాల అతని ఊరి దరిదాపుల్లో లేదు. అందుకే నలభై ఏళ్లొచ్చినా అతను ఫ్లెక్సీ షాపులోనే ఉంటాడు. ఫ్లెక్సీల మీద నిషేధం మాట వచ్చినప్పుడల్లా, ఫోన్లోనే పోస్టర్ చేసుకునే యాప్ కొత్తది వచ్చినప్పుడల్లా అతని కూడు గాలిలో దీపమవుతుంది.

దేశంలో కొన్ని తరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మార్కాపురం గనుల నుంచి వెళ్లినవే. పలకల వాడకం పడిపోయింది, పరిశ్రమ చితికిపోయింది. దాన్ని నమ్ముకున్న కుటుంబాల పిల్లలు హైదరాబాదుకు, బెంగళూరుకు వలస పోయారు. చదువు పలక మీది నుంచి తెర మీదికి మారుతున్న కాలంలో, పలక ఇచ్చిన ప్రాంతానికి తెర మీద పని నేర్పే కళాశాల ఒకటి ఇవ్వాలన్న ఆలోచన ఏ ప్రభుత్వానికీ రాలేదు. ఫ్లోరైడ్ నీళ్లు, వెలిగొండ ప్రాజెక్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు, ఏటా వలసలు, ఇవన్నీ అనుభవిస్తున్నా 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం చెప్పిన వెనుకబడిన ప్రాంతాల ప్యాకేజీలో ఈ ప్రాంతం లేదు. ఆ ప్యాకేజీ రాయలసీమకు, ఉత్తరాంధ్రకే పరిమితమైంది. రెండింటికీ మధ్యన ఉండి, రెండింట్లోనూ లేనిదానిగా పడమటి ప్రకాశం మిగిలిపోయింది. ఒంగోలు పేరుతో 2016లో పెట్టిన ట్రిపుల్ ఐటీ సైతం తరగతులు మొదలుపెట్టింది కడప జిల్లా ఇడుపులపాయలో. పేరు ఒకచోట, చదువు మరోచోట ఉండటం ఈ ప్రాంతపు పిల్లలకు కొత్తేమీ కాదు.

ఇప్పుడు కాగితాల మీద ఉన్నదేమిటో చూద్దాం. రాష్ట్రంలో 2020–21 నుంచి అమలుచేసిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో నైపుణ్య కోర్సుల జాబితాలో ప్రదర్శన కళలను కూడా పెట్టారు. ఎంతంటే 30 గంటలు, 2 క్రెడిట్లు. నృత్యమూ నాటకమూ సంగీతమూ అన్నీ ఆ ముప్పై గంటల్లోనే. అదే జాబితాలో పాడి పరిశ్రమ మెలకువలు, బీమా ప్రచారం కూడా చేర్చారు. వాటి మీద మాకు చిన్నచూపు లేదు, అవీ అవసరమే. కానీ ఒక కళను ముప్పై గంటల్లో ముగించి మార్కుల జాబితాలో చూపించుకోవడం విద్య ఎలా అవుతుంది? దానికోసం కళాశాలల్లో కొత్త అధ్యాపక పోస్టులు పుట్టలేదు. ఉన్నవాళ్లే సర్దుకుని చెప్పారు. జతి అంటే ఏమిటో పుస్తకం చూసి రాయించారు. ఒంటితో నేర్చుకోవాల్సిన విద్య రాతపరీక్షలో ముగిసింది.

ఈ తప్పు డిగ్రీలో మొదలైంది కాదు, బడిలోనే మొదలైంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదవండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు, వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని అది స్పష్టంగా చెబుతుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలను తప్పనిసరి విషయంగా పెట్టమంది. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడ వద్దంది. ఇన్ని చెప్పినా, 2025లో 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీలో నృత్యానికి ప్రత్యేకంగా ఒక్క వర్గం లేదు. బడిలో ఉద్యోగం లేనప్పుడు కళాశాలలో చేరేదెవరు? చేరేవాళ్లు లేరని కళాశాల పెట్టరు, కళాశాల లేదని బడికి బోధకులను తేలేరు. ఈ ఉచ్చును ప్రభుత్వమే పన్ని, అందులో చిక్కుకున్న పిల్లలకు ఆసక్తి లేదని ప్రభుత్వమే తీర్పు చెబుతోంది.

ఫలితం ఏటా బడి వార్షికోత్సవం నాడూ, పోటీల నాడూ కనబడుతుంది. 2015 నుంచి కేంద్రం ఏటా జరుపుతున్న కళా ఉత్సవ్ పోటీలకు పిల్లలను పంపాలంటే వ్యాయామ ఉపాధ్యాయుడో, తెలుగు పంతులో యూట్యూబ్ తెరిచి ఇవ్వాలి. పిల్లలు ఫోను గోడకు ఆనించి, ఆపుతూ తిప్పుతూ అడుగు నేర్చుకుంటారు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. సరిదిద్దే గురువు ఉండడు. మోకాలు ఎంత వంచాలో, పాదం ఎలా మోపాలో చెప్పేవాళ్లు లేక చిన్న వయసులోనే కీళ్లనొప్పులు తెచ్చుకుంటారు. అయినా ఆడతారు. ఆ పట్టుదల చూసిన ఏ పెద్దమనిషైనా సిగ్గుతో తలవంచుకోవాలి.

కూచిపూడి పేరు చెప్పుకోవడంలో మాత్రం మన పాలకులకు ఏ లోటూ లేదు. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా కళాకారులు ఒకేసారి నర్తించి రికార్డు నెలకొల్పారు. విమానాశ్రయాల గోడల మీద, పర్యాటక శాఖ క్యాలెండర్ల మీద కూచిపూడి భంగిమలే. ఆ కళను నేర్పే సంస్థకు ఏం చేశారు? 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయం కింద కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉండేది. రాష్ట్రం విడిపోయాక విశ్వవిద్యాలయం హైదరాబాదులో, కళాపీఠం కృష్ణా జిల్లాలో మిగిలాయి. పంపకాల తగవు పదేళ్లు దాటినా తేలలేదు. 2025లో తెలంగాణ తన వైపు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. ఆంధ్ర వైపు రాజమహేంద్రవరం కేంద్రంగా మళ్లీ మొదలుపెడతామన్నారు. ఈ మధ్యలో నలిగిపోయింది నాట్యం చదువుకోవాలనుకున్న పిల్లలు.

మరోపక్క, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మిల్పిటాస్‌లో మన తెలుగువాళ్లు 2016లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం పెట్టుకుని కూచిపూడిలో ఎంఏ దాకా చెబుతున్నారు. వాళ్లను అభినందించాలి. అంత దూరాన, ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత చందాలతో వాళ్లు చేయగలిగిన పనిని ఖజానా, భూములు, విశ్వవిద్యాలయాలు చేతిలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం కనిగిరిలో ఎందుకు చేయలేకపోయింది? దీనికి జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పాలి.

కళాశాలలు నగరాల్లోనే ఉండాలి, అక్కడైతేనే గురువులు దొరుకుతారు అనే వాదన ఒకటుంది. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. కూచిపూడి పల్లెటూరు. తెలుగు నాటకానికి సురభి వంశాన్ని ఇచ్చింది 1885లో కడప జిల్లా సురభి అనే పల్లె. కేరళ కళామండలాన్ని 1930లో వళ్లత్తోళ్ స్థాపించారు. భారతప్పుళ ఒడ్డున చెరుతురుత్తి అనే చిన్న ఊళ్లో పెరిగి అది విశ్వవిద్యాలయ హోదా అందుకుంది. కర్ణాటకలో పోకతోటల మధ్యనున్న హెగ్గోడు గ్రామంలో కె.వి. సుబ్బణ్ణ నీనాసం నడిపారు, 1980లో రంగస్థల శిక్షణ సంస్థ పెట్టారు, 1991లో మెగసెసే అవార్డు అందుకున్నారు. దేశం నలుమూలల నుంచి ఇప్పటికీ ఆ ఊరికి వెళ్లి నేర్చుకుంటున్నారు. గురువులున్న చోటికి శిష్యులు వెళతారు. గురువులు హనుమంతునిపాడు చుట్టుపక్కల ఇప్పటికే ఉన్నారు. వాళ్లను గురువులుగా గుర్తించే పత్రం ఒక్కటే లేదు.

ఆ పత్రానికీ దారి ఎప్పుడో తెరిచారు. విశేష అనుభవం ఉన్నవారిని పీహెచ్‌డీ లేకున్నా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. సంప్రదాయ కళాకారులను, చేతిపనివారిని కళాశాలల్లోనే ఉంచి పాఠం చెప్పించమని 2023లో ఇంకో మార్గదర్శకం ఇచ్చింది. వీటి ప్రకారం కోలాటం గురువును, చెక్కభజన గురువును, డప్పు కళాకారుణ్ణి తరగతి గదిలో నిలబెట్టడానికి అడ్డంకి లేదు. మన రాష్ట్రం డప్పు కళాకారులకు నెలకు రూ.4,000 పింఛను ఇస్తోంది. ఇవ్వాల్సిందే, ఇంకా పెంచాల్సిందే. అయితే వృద్ధాప్యంలో ఆదుకోవాల్సిన మనిషిగా మాత్రమే చూసి, విద్య చెప్పగల పండితుడిగా చూడకపోవడంలో ఒక పాత అవమానం దాగి ఉంది. ఆ కళాకారుల్లో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవారు. వాళ్ల విద్యకు డిగ్రీ హోదా ఇవ్వకపోవడానికి కారణం నిధుల కొరత ఒక్కటే అని మేము నమ్మడం లేదు.

కులం మాట ఇక్కడ దాటవేయకూడదు. కూచిపూడి ఒకప్పుడు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లకే పరిమితమైన విద్య. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్లకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి దాన్ని ఇంకా ఎందరికో అందించారు. మరోపక్క, తరాల తరబడి ఆలయాల్లో ఆడిన కళావంతుల నుంచి ఆ విద్యను సంస్కరణ పేరిట లాక్కున్నాం. వాళ్ల నాట్యాన్నీ, రామప్ప గుడి శిల్పాల్లోని పేరిణినీ వెతికి, జాయపసేనాని నృత్తరత్నావళి చదివి, ముసలి కళాకారిణుల ఇళ్లకు వెళ్లి తిరిగి నిలబెట్టిన నటరాజ రామకృష్ణ ఒక్క జీవితంలో ఒక విశ్వవిద్యాలయ శాఖ చేయాల్సిన పని చేశారు. ఈ రోజు నగరంలో నాట్యం నేర్చుకోవాలంటే నెలనెలా ఫీజు, ఆభరణాలు, రంగప్రవేశానికి హాలు, వాద్యబృందం, భోజనాలు. అన్నీ కలిపితే లక్షలు దాటుతుంది. కూలి చేసుకునే ఇంటి పిల్లకు ఆ మెట్లు అందవు. ఆ పిల్లకు నాట్యం అందాలంటే హాస్టల్ ఉన్న, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించే ప్రభుత్వ కళాశాల తప్ప వేరే దారి లేదు. సీటు లేకపోవడం వల్ల కళ మళ్లీ డబ్బున్న ఇళ్లకే చేరుతోంది.

డిజైన్ దగ్గరా ఇదే కథ. 1961లో అహ్మదాబాదులో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)కు ఆంధ్రప్రదేశ్‌లో తోబుట్టువు 2015లో వచ్చింది. గుంటూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తాత్కాలికంగా మొదలై, 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. సంతోషమే. అందులో చేరడానికి రాయాల్సిన ప్రవేశ పరీక్ష మాత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. ఐఐటీల డిజైన్ సీట్లకు రాసే యూసీడ్ ఇంగ్లీషులోనే. ఇంజినీరింగుకు జేఈఈ మెయిన్, వైద్యానికి నీట్ తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు. ఇంజినీరు, డాక్టరు తెలుగులో ఆలోచించవచ్చునట, బొమ్మ గీసేవాడు తెలుగులో ఆలోచించకూడదట! ఆంధ్ర నేల మీద నిలబడ్డ జాతీయ సంస్థలో ఆంధ్ర పల్లెల పిల్లలు ఎంతమంది ఉన్నారో పార్లమెంటులో మన సభ్యులు ఎవరైనా అడిగి ఉంటే ఈ పాటికి ఆ పరీక్ష తెలుగులో ఉండేది. పైగా ఆ పరీక్షకు హైదరాబాదులో కోచింగ్, చేరాక సెమిస్టర్ సెమిస్టర్‌కూ భారీ ఫీజు.

రాష్ట్రం సొంతంగా 2020లో కడపలో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం పెట్టింది. యానిమేషన్, అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం వంటి కోర్సులు అందులో ఉన్నాయి. పడమటి ప్రకాశానికి అందుబాటులో ఉన్న ఆశ అదొక్కటే. అక్కడా ఆర్కిటెక్చర్ విద్యార్థులు తమ కోర్సుకు ఆర్కిటెక్చర్ కౌన్సిల్ గుర్తింపు కోసం రోడ్డెక్కి ధర్నాలు చేయాల్సి వచ్చింది. గుర్తింపు తెచ్చుకోకుండానే తరగతులు నడిపి, పిల్లల ఏళ్లను పణంగా పెట్టడం ఏ రకమైన పాలన? కొత్త కోర్సు పెట్టమని అడుగుతున్నప్పుడు మేము మరీ మరీ చెప్పేది ఇదే. బోర్డు తగిలించి, గుర్తింపు లేకుండా, గురువులు లేకుండా, ల్యాబులో నాలుగు పాత కంప్యూటర్లతో నడిపే కోర్సు మాకు వద్దు. అలాంటిది ఉండటం కన్నా లేకపోవడమే నయం.

ఈ ఖాళీలోకి ఎవరు వచ్చారో అందరికీ తెలుసు. హైదరాబాదులో, విజయవాడలో మల్టీమీడియా ఇన్‌స్టిట్యూట్లు వీధికొకటి వెలిశాయి. నూరు శాతం ఉద్యోగం అంటారు, వాయిదాల్లో ఫీజు కట్టమంటారు, బాహుబలి పోస్టర్ గోడకు అతికిస్తారు. వీటిలో నిజాయితీగా నేర్పేవీ ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటి సర్టిఫికెట్టుకు ఏ విశ్వవిద్యాలయ గుర్తింపూ లేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మధ్యలో ఇన్‌స్టిట్యూట్ మూతపడితే అడిగే దిక్కు లేదు. పడమటి ప్రకాశం నుంచి వెళ్లిన పిల్లాడు గొర్రెలు అమ్మో, బంగారం తాకట్టుపెట్టో తండ్రి కట్టిన డబ్బుతో ఒక సాఫ్ట్‌వేర్ మెనూ నేర్చుకుని బయటికి వస్తాడు. ఆ సాఫ్ట్‌వేర్ మారితే చదువు చెల్లదు. గీత, రంగు, అక్షరం, కథ, కెమెరా, మనిషి కదలిక నేర్పితే ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా నిలబడతాడు. అది నేర్పగలిగేది కళాశాలే. ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాల్లో బొమ్మ గీసి ఇస్తోంది. తెలుగు అక్షరం వచ్చేసరికి అది ఇంకా తడబడుతూనే ఉంది. తెలుగు అక్షరరూపం మీద పట్టున్న డిజైనర్లు ఇప్పుడే ఎక్కువ కావాలి. సిలికానాంధ్ర వంటి సంస్థలు, కొందరు అక్షరశిల్పులు పూనుకుని యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు కాబట్టి మన తెరల మీద తెలుగు ఈమాత్రం అందంగా ఉంది. ప్రభుత్వ కళాశాలల నుంచి రావాల్సిన పనిని స్వచ్ఛందంగా చేసిన వాళ్లవి ఆ అక్షరాలు.

పరిశ్రమ లేదనే మాట కూడా చెల్లదు. ఈగ, బాహుబలి చిత్రాల గ్రాఫిక్స్‌లో హైదరాబాదు సంస్థలకు పెద్ద పాలుంది. నాటు నాటు పాటకు 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు లోకమంతా అనుకరించింది ఆ అడుగులనే. కేంద్రం 2022 బడ్జెట్‌లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగానికి టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది. ముంబైలో అందుకోసం జాతీయ సంస్థ వచ్చింది. 2025 మేలో అమరావతిలో క్రియేటర్ ల్యాండ్ అనే మీడియా నగరం కోసం మన ప్రభుత్వమే ఒప్పందం చేసుకుంది. రాజధానిలో స్టూడియోలు కడితే వాటిలో పనిచేసేదెవరు? ముందుగా పిల్లలకు చదువు చెప్పకపోతే, రేపు ఆ స్టూడియోల్లో వేరే రాష్ట్రాల పట్టభద్రులు డిజైనర్లుగా, మన పిల్లలు సెక్యూరిటీ గార్డులుగా చేరతారు.

ఈ రెండు చదువులను కలిపి ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి. నృత్యం ఈ రోజు వేదిక మీదే ఆగడం లేదు. తెర మీది ప్రతి బొమ్మ మనిషి కదలికనే అనుకరిస్తుంది. సెన్సర్లు కట్టుకున్న నర్తకి అడుగు వేస్తే యానిమేషన్ పాత్ర అదే అడుగు వేస్తుంది. అడుగు తెలియని యానిమేటర్ గీసిన బొమ్మ నేల మీద నిలబడదు, తేలిపోతుంది. మరోపక్క, కోలాటం గురువు తలలో ఉన్న లెక్కను, చెక్కభజన అడుగులను, డప్పు దరువుల్లో తేడాలను వీడియోగా, బొమ్మగా, సంకేతలిపిగా భద్రపరచకపోతే ఆ పెద్దమనుషులతోనే అవి మట్టిలో కలిసిపోతాయి. ఇప్పటికే కొన్ని పోయాయి. పక్కపక్క గదుల్లో నృత్యమూ డిజైనూ చదివే పిల్లలు కలిసి నాలుగేళ్లలో ఈ ప్రాంతపు కళల దస్త్రం మొత్తం తయారుచేయగలరు. భైరవకోన గుహాలయాలు, త్రిపురాంతకం, మార్కాపురం చెన్నకేశవాలయం శిల్పాలు వాళ్లకు బస్సు దూరంలో ఉన్న పాఠశాలలు.

తాగునీళ్లు లేని చోట నాట్యం కోర్సులు ఏమిటని కొందరు పెద్దలు కోప్పడవచ్చు. ఆ కోపంలో న్యాయం ఉంది. వెలిగొండ నీళ్లు పొలాలకు పారాలి, ఫ్లోరైడ్ లేని నీళ్లు ప్రతి ఇంటికీ రావాలి. దాని కోసం ఈ పేజీలో గొంతు తగ్గించే ప్రసక్తి లేదు. అయితే నీళ్లొచ్చేదాకా చదువు ఆగమని పిల్లలకు ఎవరు చెప్పగలరు? పదిహేడేళ్ల పిల్లకు ఆ వయసు మళ్లీ రాదు. నాట్యానికి ఒళ్లు ఒదిగే కాలం అది. పైగా నీటికోసం పోరాడే నేలకు గొంతు కూడా కావాలి. సిద్ధవటం సీమ పాలకుడు సమ్మెట గురవరాజు ప్రజలను పెడుతున్న హింసను కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు ముందు వేషం కట్టి చూపించారని మాచుపల్లి కైఫీయతు చెబుతోంది. పదహారో శతాబ్దం తొలినాళ్ల మాట అది. ఆ ప్రదర్శన చూసి ప్రభువు సైన్యాన్ని పంపాడు. వెలిగొండలకు అవతలి సీమ ప్రజల కష్టం రాజు చెవిన పడింది ఆటతోనే. ఈ రోజు అదే పని ఒక డాక్యుమెంటరీ చేయగలదు, ఒక యానిమేషన్ చేయగలదు, ఒక వీధి ప్రదర్శన చేయగలదు. తమ ప్రాంతం బాధను తామే చెప్పుకోగల పిల్లలు తయారుకావడం పాలకులకు ఇష్టం ఉండకపోవచ్చు. ప్రజలకు మాత్రం అది అవసరం.

2022లో ప్రకాశం జిల్లాకు ఒంగోలు కేంద్రంగా ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. పడమటి మండలాల్లో నృత్యానికీ డిజిటల్ మీడియా డిజైన్‌కూ కలిపి ఒక కళాశాల తెరవాల్సిన బాధ్యత దానిది, దానికి నిధులివ్వాల్సిన బాధ్యత రాష్ట్రానిది. కనిగిరిలో పెట్టినా, మార్కాపురంలో పెట్టినా మాకు పేచీ లేదు. ఆడపిల్లల హాస్టల్ మొదటి రోజునే ఉండాలి. శాశ్వత పోస్టులతో పాటు యూజీసీ మార్గదర్శకాల కింద స్థానిక గురువులను గౌరవప్రదమైన జీతంతో తీసుకోవాలి. నాట్యంలో ప్రవేశం ఆడి చూపించడం మీద, డిజైన్‌లో ప్రవేశం గీసి చూపించడం మీద, తెలుగులో జరగాలి. ఎన్ఐడీ పరీక్షను తెలుగులో పెట్టించాల్సింది మన పార్లమెంటు సభ్యులు. విద్యాహక్కు చట్టం చెప్పిన కళా బోధకుల పోస్టులను వచ్చే డీఎస్సీ నాటికి మంజూరు చేయాల్సింది పాఠశాల విద్యాశాఖ.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని, ఉన్న మార్గదర్శకాలను, ఉన్న విశ్వవిద్యాలయాన్ని పనిచేయిస్తే చాలు. అందుకే ఈ జాప్యానికి సాకు లేదు. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం శాసనసభ్యులు నలుగురూ పార్టీలు పక్కనపెట్టి వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఈ కళాశాల మీద ప్రశ్న వేయాలి, వచ్చే బడ్జెట్‌లో పద్దు సాధించాలి. వాళ్లు వేయకపోతే ఎందుకు వేయలేదో ఈ నాలుగు నియోజకవర్గాల తల్లిదండ్రులు గ్రామసభల్లో నిలబెట్టి అడగాలి.